ముల్లు దానంతట అదే లేచిన సాయంత్రం

మదనపల్లెలో మా ముందుగదిలో టీవీ పక్కన ఒక వేరియాక్ ఉంటుంది. ఇనుప డబ్బా, దాని మీద ఒక చక్రం, బయటికి పోయే వోల్టేజిని చూపించే ఒక ముల్లు. చక్రం తిప్పితే గోడలోంచి వచ్చిన వోల్టేజి తగ్గో పెరిగో బయటికి పోతుంది. కాలేజీ ల్యాబుల్లో ఉండాల్సిన వస్తువు. మా అమ్మాయి దాన్ని గిటార్ కోసం తెచ్చుకుంది.

నేను సబ్‌స్టేషన్ ఆపరేటరుగా రిటైరయ్యాను. ముల్లు ఉండాల్సిన చోట ఉందా లేదా చూడటమే నా ఉద్యోగం. ఇప్పటికీ పొద్దున లేవగానే ఇంటి వోల్టేజి చూసి డైరీలో తేదీ కింద రాస్తాను. అట్లాంటి ఇంట్లో మా అమ్మాయి పనిగట్టుకొని ముల్లును కిందికి దించేది.

"ఇప్పుడు విను నాయనా" అని రెండు వందల ముప్పై దగ్గర ఒకసారి, రెండు వందలకు దించి ఇంకొకసారి, అదే తీగ మీటేది. మొదటిది స్టీలు పళ్లెం మీద గరిటె తగిలినట్టు ఉండేది. రెండోది అంచులు అరిగి, జీరగా, గట్టిగా మీటితే నలిగిపోతూ వచ్చేది. ఒంట్లో బాగాలేని మనిషి దగ్గరగా కూర్చుని మాట్లాడినట్టు. వోల్టేజి పడిపోయిందని ఫోన్లలో జనం చేత తిట్లు తిన్నవాణ్ణి నేను. దాన్నే ఇంత ముద్దుగా వినేవాళ్లు ఉంటారని అనుకోలేదు.

అన్ని ఆంప్లిఫయర్లూ అట్లా పలకవు. తనది పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వుల ఆంప్లిఫయరు. ఒకప్పటి టూరింగ్ టాకీసుది. పుంగనూరులో రేడియోలు బాగుచేసే ఒక భాయ్ దాన్ని గిటారుకు పనికొచ్చేలా మార్చి, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు స్థానంలో కొత్తది తన చేత్తో చుట్టి ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని అమ్మాయి బెంగళూరులో ఇంకొకటి చుట్టించి పెట్టి చూసింది. పలికింది గానీ ఆ గొంతు రాలేదు. మళ్లీ భాయ్ చుట్టిందే బిగించుకుంది.

వేరియాక్ కొన్నాక దాన్ని చూపించడానికి ఇద్దరం పుంగనూరు పోయాం. ఆయన చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తగ్గించుకో బేటీ, నీ ఇష్టం. శానా తగ్గిస్తే వాల్వులు మెల్లగా సస్తాయి. సస్తే సావనీ, యాడో ఒకసోట దొరుకుతాయి. పెంచినావంటే మాత్రం ఇది పోతాది." ట్రాన్స్‌ఫార్మరు మీద అరచెయ్యి పెట్టాడు. "ఇది పోతే ఇంకోటి సుట్టేదానికి నాకు కండ్లు ల్యావు."

"కంటికి ఆపరేషన్ చేయించుకోకూడదా భాయ్?" అంది అమ్మాయి.

"సేయించినారు. సేయించినాకనే నీ మొగం ఇంత సక్కగా కనిపిస్తాండాది, పొగమంచులో" అని నవ్వాడు. మేమూ నవ్వాం.

తను కుప్పంలో బ్యాంకులో పనిచేస్తుంది. తోటి ఉద్యోగిని ఒకామె తమ ఊళ్లో కొత్తింటి గృహప్రవేశానికి వాయించమని అడిగింది. కుప్పం అవతల, తమిళనాడు సరిహద్దుకు దగ్గర పల్లె. ఆంప్లిఫయరూ వేరియాకూ కారులో పెట్టుకొని నేనూ వెంట వెళ్లాను.

సాయంత్రం నాలుగు దాటింది. షామియానా కింద బల్బులు పసుపుగా మూలుగుతున్నాయి. ఊరికీ పొలాలకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు, చుట్టూ బోర్ల మోటర్లన్నీ నడుస్తూ వోల్టేజిని కిందికి లాగేస్తున్నాయి. చక్రం మా ఇంట్లో పెట్టే చోటే పెడితే ముల్లు నూట యాభై కూడా ఎక్కలేదు. గిటార్ నీళ్లలో మునిగినట్టు పలికింది. జనరేటరు పెట్టుకొమ్మన్నారు గానీ, దాని చప్పుడు గిటారును మింగేస్తుందని అమ్మాయి వద్దంది. చక్రాన్ని పైకి, చివరిదాకా తిప్పింది. ముల్లు రెండు వందలకు వచ్చి నిలబడింది.

"అది తాళం వేసినట్టు ఆడనే ఉండదమ్మా. లోపలికొచ్చేది పెరిగితే ఇదీ పెరుగుతాది" అన్నాను.

"సబ్‌స్టేషన్ వదిలి ఇన్నేండ్లయినా డ్యూటీ దిగలేదు సూడు మా నాయన" అని స్నేహితురాలితో అని, నా వైపు తిరిగింది. "సరే, నువ్వే ఆ చక్రం కాడ కూసో. ముల్లు కదిలితే దించు."

కూర్చున్నాను. తను వాయించడం మొదలుపెట్టింది. మా ముందుగదిలో విన్న జీర గొంతే ఆ పందిట్లో వినబడింది. టిఫిను తింటున్నవాళ్లు ప్లేట్లు పట్టుకొని ఆగారు. ముల్లు కదల్లేదు. మోటర్లకిచ్చే త్రీఫేజు ఆరుదాకా ఉంటుందని ముందే కనుక్కున్నాను. అంతదాకా మోటర్లు ఆగవు. ఆరులోపు తను ముగిస్తుంది.

ఇంతలో గృహస్తు, ఆ స్నేహితురాలి అన్న, బండి దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చెయ్యి పట్టుకొని లేపాడు.

"రాన్నా, ఒక్క నిమిషం. మావాళ్లను సూపిస్తా."

"ఈడ పని ఉండాదప్పా, తర్వాత వస్తా."

"పనేముండాది, పెట్టె కావిలా? దాన్ని ఎవురెత్తుకపోతారు!" అని నవ్వుతూ లాక్కెళ్లాడు. పందిరి అవతలి కొసన నలుగురైదుగురు రైతులు అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు.

"పాప పాటకు కరెంటు సాల్లేదని మా చెల్లెలు అనింది. అందుకని బండేసుకొని పొలాలన్నీ తిరిగొచ్చినా. వీళ్లంతా మోటర్లు ఆపేసి వచ్చినారన్నా. ఇంగా శానామంది ఆపుతాండారు."

"మన పాప గదా. ఒగ పూట నీళ్లు కట్టకుంటే ఏం పోతాది?" అన్నాడు వాళ్లలో ఒకాయన, సంతోషంగా.

తల పైన బల్బులు పసుపు వదిలి తెల్లబడుతున్నాయి. నేను వెనక్కి నడిచాను. ప్లాస్టిక్ కుర్చీలు, పిల్లలు, వడ్డించేవాళ్లు అడ్డం. గిటార్ గొంతు మారింది. జీర పోయింది. నిటారుగా, పెద్దగా, గాజు మీద గీసినట్టు వస్తోంది. జనం చప్పట్లు కొట్టారు. ఇంకో మోటరు ఆగినట్టుంది, బల్బులు మళ్లీ ఒక మెట్టు వెలిగాయి.

నేను చేరేసరికి ముల్లు రెండు వందల డెబ్బై దాటింది. ఆంప్లిఫయరు వెనక ఒక వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలుతోంది. ఫ్యూజు పోయి ఉంటే బాగుండేది. పోలేదు. చక్రం మీద చెయ్యి వేశాను. అమ్మాయి నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. దించొద్దని. ఆ గొంతు తనకు నచ్చింది.

దించాను. పాట మధ్యలో గొంతు కుంగిపోయింది. తను వాయించడం ఆపలేదు గానీ, ముఖం నా వైపు తిప్పలేదు. అప్పుడు వచ్చింది వాసన. ట్రాన్స్‌ఫార్మరు చుట్ల మీది వార్నిషు కాలే వాసన. సర్వీసులో ఎన్నోసార్లు చూశాను, అది ఒకసారి మొదలైన ట్రాన్స్‌ఫార్మరు ఏదీ పాతబడేదాకా బతకలేదు.

గృహస్తు మాకు తాంబూలం ఇచ్చి, "కరెంటు బాగొచ్చినాక అదిరిపోయిందమ్మా" అన్నాడు. అమ్మాయి నమస్కారం పెట్టింది.

మరుసటి ఆదివారం పుంగనూరు పోయాం. భాయ్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ముక్కు పెట్టి చాలాసేపు అట్లాగే ఉన్నాడు. మీటరు తియ్యలేదు.

"పలుకుతాది" అన్నాడు చివరికి. "ఎన్నినాళ్లని మాత్రం అడగొద్దు."

ఆ తర్వాత నుంచి అమ్మాయి శని, ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడు ముల్లును ఇంకా కిందికి దించి వాయిస్తోంది. వాల్వులు పోతే పోనీ అంటోంది. వాయించకుండా దాచుకోమని నేను ఒకసారి చెప్పాను.

"దాచి ఎవురికియ్యాల నాయనా?" అంది.

నిన్న సాయంత్రం పాట మధ్యలో చెయ్యి ఆపింది.

"వాసన వస్తాండాదా?"

"పక్కింట్లో పోపు మాడ్చినట్టుండారు" అన్నాను.

పక్కింటివాళ్లు నెల నుంచీ ఊళ్లో లేరు. వాళ్ల తాళం చెవి ఉండేది మా దగ్గరే, ఇంటికి వచ్చినప్పుడల్లా చెట్లకు నీళ్లు పోసేది మా అమ్మాయే. కొంచెంసేపు నా వైపు చూసి, ముల్లును ఇంకాస్త కిందికి దించి, పాటను ఆపిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకుంది.