అమ్మ తలలోని పుట్టు వంకర

మా అన్నయ్య మీద నాకు కోపం. దాచుకునే కోపం కాదు, ఎదురుపడితే మొహం మీదే అనేసే కోపం. అది మా అమ్మ తల స్కానింగ్ దగ్గర మొదలైంది.

జి.మాడుగుల పైన కొండవాలులో అమ్మకి కాఫీ తోట ఉంది. నాన్న పోయాక ఒంటిచేత్తో పెంచుకున్న తోట. నిరుడు వానల్లో అక్కడే రాయి మీద జారిపడి తల పగలగొట్టుకుంది. విశాఖ తీసుకెళ్తే లోపల రక్తం కారిందేమోనని స్కానింగ్ తీశారు. రక్తం లేదన్నారు, కుట్లు వేసి పంపేశారు. చేతికి రిపోర్టు ఇచ్చారే గాని అందులో ఏముందో చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది.

దాన్ని చదివింది అన్నయ్య. మందుల షాపులో పనిచేస్తాడు కాబట్టి మా ఇంటికి డాక్టరు వాడే. ఎడమ పక్క హిప్పోకాంపస్ ఆకారం మామూలుగా లేదని ఒక ముక్క ఉందట. ఫోన్లో వెతికాడు. అది కొత్త జ్ఞాపకాలు నిలబెట్టే చోటని, మతిమరుపు జబ్బు వచ్చిన ముసలివాళ్ళకి అది కుంచించుకుపోతుందని చూశాడు. రెండూ కలిపి ముడేసేశాడు.

"అమ్మ మెదడు ఎండిపోతంది. తోటకి పంపకండి, దారి తప్పిపోద్ది" అన్నాడు.

"ఏటి ఎండిపోతంది? పొద్దున్న నీకు చోడంబలి కాసి పోసిందెవరు?" అన్నాను.

"నీకు తెల్దు, ఊరుకో" అన్నాడు. ఆ ఊరుకో అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మని అరుగు మీద కూర్చోబెట్టేశారు. సంతకి వద్దు, పొయ్యి దగ్గరికి వద్దు. వదిన మంచిదే కాని భయస్తురాలు, అమ్మ మంచినీళ్ళకి లేచినా వెనకే వెళ్ళేది. ఊళ్ళోవాళ్ళు అమ్మతో మాట్లాడడం మానేసి, అమ్మ ఎదురుగానే అమ్మ గురించి మాట్లాడుకునేవారు. దువ్వెన ఎక్కడ పెట్టామో మరిచిపోనిదెవరు? అమ్మ మరిచిపోతే మాత్రం "సూసారా" అని కళ్ళతో సైగలు చేసుకునేవారు. నాది పక్క కొండ మీద అత్తవారి ఊరు, రోజూ వచ్చి పోట్లాడలేను కదా. ఒకసారి వెళ్ళినప్పుడు అమ్మే నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"నిజంగా నా మతి పోతందేటే గుంటా?"

కాఫీ పండే కాలం వచ్చింది. అమ్మ ఎర్రగా పండినవే చూసి చూసి కోస్తుంది, పచ్చివి ముట్టదు, అవి పండాక మళ్ళీ వెళ్తుంది. అన్నయ్యకి అంత ఓపిక ఎక్కడిది? కాయ చెట్టు మీద ఉండగానే తోట మొత్తం కాపు ఎవరో వ్యాపారికి అప్పజెప్పేశాడు. ఆ సంగతి అమ్మకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

ఎండలు ముదిరాక అమ్మకి తలనొప్పి మొదలైతే నేనే పట్టుబట్టి విశాఖలో మెదడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. అన్నయ్యా వచ్చాడు. ఆవిడ మా ఇద్దరినీ వదిలేసి అమ్మతో మాట్లాడింది. ఎలా వచ్చారు, పొద్దున్న ఏం తిన్నారు, కాఫీ గింజ ఎలా ఆరబెడతారు. కొన్ని మాటలు గుర్తుపెట్టుకోమని, కాసేపాగి అవే అడిగింది. అమ్మ అన్నీ చెప్పింది. అప్పుడు స్కానింగ్ ఫిల్ము వెలుతురుకి పెట్టింది.

"కడుపులో బిడ్డ ఎదిగేటప్పుడు ఈ హిప్పోకాంపస్ మెలితిరిగి లోపలికి ఒదుగుతుంది. కొందరికి ఆ తిరగడం సగంలో ఆగిపోతుంది, గుండ్రంగా నిలబడినట్టు ఉండిపోతుంది. ఎక్కువగా ఎడమ పక్కే. ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ కనిపిస్తుంది. మీ అమ్మగారిది పుట్టుకతో వచ్చిన వంకర, అరుగుదల కాదు."

"వయసైపోతే తగ్గిపోద్దంటారు కదండీ?" అన్నయ్య గొణిగాడు.

"అందరికీ కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఈవిడకి అంతకంటే ఎక్కువ తగ్గుతోందా అని తెలియాలంటే, కొన్నాళ్ళాగి మళ్ళీ స్కానింగ్ తీసి, ఈవిడ పాత స్కానింగే పక్కన పెట్టి చూడాలి. పుట్టుకతోనే వేరుగా ఉన్నదాన్ని పదిమంది కొలతతో కొలిస్తే పొరపాటు పడతాం. ఇప్పటికైతే నాకు మతిమరుపు జబ్బేమీ కనిపించలేదు. పనులు చేసుకోనివ్వండి. కూర్చోబెట్టేస్తే మనిషి నీరసించిపోతుంది."

బస్సులో నేను నోరు మూయలేదు. పాడేరు దాకా తిడుతూనే ఉన్నాను. అన్నయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు అమ్మ కత్తి, బుట్ట తీసుకుని తోటకి బయల్దేరింది. "ఇప్పుడెందుకే అమ్మా, ఎండ" అని అన్నయ్య అడ్డం వచ్చాడు. అమ్మ వినలేదు. వాడు వెనకే వచ్చాడు, రాత్రి అక్కడే ఉండిపోయిన నేనూ వెళ్ళాను. ఎందుకు అడ్డం వచ్చాడో అక్కడ తెలిసింది. వ్యాపారి మనుషులు పచ్చీ పండూ చూడకుండా కొమ్మ పట్టుకుని దూసేశారు. కొమ్మలు చీలి వేలాడుతున్నాయి. వచ్చే పంటకి పూత రావలసిన కణుపులు బెరడుతో సహా ఊడిపోయాయి.

అమ్మ ఏడవలేదు. చెట్టు చెట్టునీ చేత్తో తడుముకుంటూ తోటంతా తిరిగింది. చివరికి విరిగిన కొమ్మ ఒకటి పట్టుకుని అన్నయ్య వైపు చూసింది.

"నాది పుట్టుకతో వచ్చిన వంకరంటరా. మరి దీన్నిలాగ సేసిందెవరు?"