మేస్త్రమ్మ పోయించిన నేల

ఆమె తండ్రి తాపీ మేస్త్రి. ఆమె చేసేది కార్ల సస్పెన్షన్ పని. అయినా పేటంతా ఆమెను మేస్త్రమ్మ అనే పిలిచేది. పెళ్ళైన కొత్తలో భర్తకు పానాలు అందించబోయి, ఏ బోల్టుకు ఏ పానా పడుతుందో ఆయన కంటే ముందే చెప్పడం నేర్చుకుంది. మోకాళ్ళు అరిగి ఆయన ఇంటిపట్టున వంట అందుకున్నాక షెడ్డు ఆమె చేతికొచ్చింది. అప్పటికే పనంతా ఆమె చేతిలోనే ఉంది కాబట్టి ఆ మార్పు బళ్ళకు తెలియలేదు.

మాటల మనుషులంటే ఆమెకు గిట్టదు. "నోటితో బిగించిన బోల్టు మొదటి గతుకు దాకానే" అంటుంది.

షెడ్డులో ఆమె కాక ఇంకొక్కరే: కూతురి మొగుడు. స్కానరు, కంప్యూటరు పని అతనిది. ఇంట్లో అతన్ని "అల్లుడుగారూ, మీరు" అంటుంది. షెడ్డు గడప దాటితే "నువ్వు". షెడ్డులోనూ "గారు" వినబడిందంటే ఏదో కొంప మునిగిందని అతనికి అర్థమైపోతుంది.

ఒక బుధవారం పొద్దున్నే పశువుల డాక్టరు వచ్చాడు. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి నడుం మీద వేసి, మెట్టు దిగే ముసలాయనలా కారు దిగాడు. నలభై ఐదేళ్ళు కూడా ఉండవు.

"వెన్నుకు ఆపరేషనైందమ్మా. వారానికి మూడు రోజులు కొండ మీది ఊళ్ళకు వెళ్ళాలి. మలుపుల్లో కారు ఒరిగితే ప్రాణం పోతుంది. ఒరగదని చెప్పి ఈ పాత కారు కొన్నాను. ఒరగడం లేదు, నిజమే. కానీ కడుపు ప్రతి రాయికీ తగులుతోంది. రెండంగుళాలు లేపాలి."

ఆమె కారు కిందికి దూరి చూసింది. మలుపులో కారు పక్కకు వాలిపోకుండా పట్టుకునే కడ్డీ, యాంటీ రోల్ బార్, అన్ని కార్లకూ ఉంటుంది. మామూలుగా అది ఒట్టి ఇనుము. ఇందులో దాన్ని మధ్యకు కోసి ఒక మోటారు పెట్టారు. కారు ఒరగబోతుందని సెన్సర్లు చెప్పగానే ఆ మోటారు కడ్డీని మెలిపెట్టి నిలబెడుతుంది.

"రెండు చోట్ల అడిగాను," అన్నాడు డాక్టరు. "కంపెనీవి కాని బయటి స్ప్రింగులు వేస్తే ఈ మోటారుతో పొసగదట. పీకేసి మామూలు కడ్డీ వేయించుకోమన్నారు. అలాగైతే నాకు ఈ కారెందుకు? సోమవారం నుంచి డ్యూటీ. కుదరకపోతే కొండ రూటు ఇంకొకరికి ఇచ్చేసి ఆఫీసులో కుర్చీ అడుక్కోవాలి. ఇంకొకరు ఎక్కడున్నారులెండి, కొండెక్కేవాణ్ణి నేనొక్కణ్ణే."

"మోటారు పీకను. ఆదివారం తీసుకెళ్ళండి," అంది ఆమె.

డాక్టరు వెళ్ళాక అల్లుడు గొంతు తగ్గించి అడిగాడు. "అత్తయ్యా, ఇలాంటిది మనం ఎప్పుడు చేశాం?"

"రేపు."

రెండు రోజులు పట్టింది. జాకీ ఎత్తకముందే మోటారుకు కరెంటు తీయించింది. ఒక చక్రం గాల్లో వేలాడుతుంటే అది ఉలిక్కిపడి మెలితిరిగిందంటే వేళ్ళు మిగలవు. కొత్త స్ప్రింగులు, షాకబ్జార్బర్లు ఎక్కాయి. కారు లేచింది కాబట్టి కడ్డీ చివర్లు కిందికి వంగిపోయాయి. ఆ వంపు పోయేలా, కడ్డీని చక్రాలకు కలిపే లింకు రాడ్లను పొడుగు చేయించింది. ఎత్తు కొలిచే సెన్సర్ల చేతులు సరిచేసింది. ఆఖరి బిగింపు మాత్రం కారు చక్రాల మీద నిలిచాకే. బరువు పడకముందు బిగిస్తే కీళ్ళలోని రబ్బరు బుష్షులు మెలిబడి నెలకే చిరుగుతాయి.

శనివారం పొద్దున అల్లుడు స్కానరు పెట్టాడు. కొత్త ఎత్తులో "ఇదే తిన్నగా నిలబడటం" అని కారుకు నేర్పాడు. తెర మీద అన్నీ పచ్చగా వెలిగాయి. "పాసైపోయాం అత్తయ్యా!"

"తెర కాదు, రోడ్డు మార్కులేస్తుంది."

రోడ్డు సున్నా వేసింది. తిన్నటి రోడ్డు మీద కారు ఎడమకు వాలి నడుస్తోంది, ఒక చంకలో బిందె పెట్టుకున్నట్టు. మలుపు తిరిగితే ఒకవైపు మెత్తగా, ఒకవైపు కర్రలా ఉంది.

"స్కానర్లో ఒక్క తప్పూ లేదు," అన్నాడు ఎడమ సీట్లోంచి అల్లుడు.

"అల్లుడుగారూ, తప్పు లేకపోతే నేనెందుకు మీ మీద పడిపోతున్నాను?"

అతను స్కానరు మూసి, షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

ఆమె అంతా విప్పింది. ఎడమ, కుడి స్ప్రింగుల పొడవు కొలిచింది. ఒకటే. లింకు రాడ్లూ ఒకటే. మళ్ళీ బిగించి, మళ్ళీ నేర్పించి, మళ్ళీ రోడ్డెక్కారు. అదే బిందె, అదే చంక.

సాయంత్రమైంది. అల్లుడు తను ముందుజాగ్రత్తగా తెచ్చి అల్మరా పై అరలో పెట్టిన ఒట్టి ఇనుప కడ్డీ వైపు చూశాడు. "రేపే ఆదివారం, అత్తయ్యా. అది వేసేస్తే కనీసం తిన్నగా పోతుంది. మన చేతిలో ఉన్నది మనం చేశాం."

"మన చేతిలో ఉన్నది ఇంకా అయిపోలేదు. నేల కడుగు."

రోజూ పని ముగిశాక షెడ్డు కడగడం ఆమె పెట్టిన నియమం. అల్లుడు బకెట్టు కుమ్మరించాడు. నీళ్ళు కారు కిందుగా, ఎవరూ చెప్పకుండానే ఎడమ గోడ వారనున్న కాలవలోకి బారులు తీరి వెళ్ళాయి. ఇరవై ఏళ్ళుగా అలాగే వెళ్తున్నాయి. ఆమె చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నీరు పల్లమెరుగు," అంది నెమ్మదిగా. "నేనెరగలేదు."

ఆ నేల పోసింది ఆమె తండ్రి. నూనె, బురద కాలవలోకి పోవాలని వాలు పెట్టమన్నది ఆమే. మట్టం చూసే నీళ్ళ గొట్టం రెండో కొస పట్టుకున్నదీ ఆమే. పాత బళ్ళకు నేల ఎలా ఉన్నా ఒకటే, అవి నేలను ఏమీ అడగవు. ఈ కారు అడిగింది. వాలిన నేల మీద నిలబెట్టి "ఇదే తిన్నన" అంటే నమ్మింది. నిజంగా చదునైన రోడ్డెక్కగానే కుడికి ఒరిగాననుకుని, మోటారుతో ఎడమకు తోసుకుంటోంది. షెడ్డులో అన్నిటినీ ఆమె అనుమానించింది గానీ, తను పోయించిన నేలను అనుమానించలేదు.

"అబద్ధం నేర్పింది మనమే. అది బుద్ధిగా నేర్చుకుంది," అంది.

ఆదివారం తెల్లారేసరికి కారు అద్దాలకు నీళ్ళు చిమ్మే సన్నటి గొట్టం మూడు బారలు తెచ్చి నీళ్ళు నింపింది. తండ్రి చేసినట్టే గొట్టంలో బుడగ లేకుండా వేలితో తట్టింది. రెండు కొసలూ ఎడమ, కుడి చక్రాల దగ్గర పట్టుకుని నీటిమట్టం నుంచి నేలకు కొలిచారు. రెండు వేళ్ళ తేడా.

"ఇన్నాళ్ళూ ఇంత వంకర మీద పనిచేశామా?" అన్నాడు అల్లుడు.

"మీ మామయ్య మోకాళ్ళు ఊరికే అరిగాయా?"

ఎడమ చక్రాల కింద ఇనుప రేకులు ఒకదానిమీదొకటి పేర్చారు. నాలుగు చక్రాల దగ్గరా నీళ్ళు ఒప్పుకునే దాకా రేకు తీసి, రేకు పెట్టి, ఆమె మోకాళ్ళ మీదే ఉంది. స్ప్రింగులు సర్దుకునేలా బానెట్టు మీద, డిక్కీ మీద అదిమి కారును ఊపి వదిలింది. "ఇప్పుడు నేర్పు."

మధ్యాహ్నం డాక్టరు వచ్చాడు. ఆమె తాళం ఇవ్వకుండా పక్క తలుపు వైపు చెయ్యి చూపింది. "పక్క సీట్లో కూర్చోండి. ముందు నేను చూడాలి."

ఊరి చివర ఎత్తురోడ్డు పాములా తిరిగి ఉంటుంది. మొదటి మలుపుకు డాక్టరు అలవాటుగా పైనున్న పిడి పట్టుకున్నాడు. మూడో మలుపుకు వదిలేశాడు. ఐదో మలుపులో ఒళ్ళో ఉన్న మందుల పెట్టె కదల్లేదు. ఆయన పెట్టెను చూశాడు. దిగువకు వచ్చాక తలుపు తెరిచి దిగాడు. చెయ్యి తలుపు మీదా లేదు, నడుం మీదా లేదు.

సోమవారం కొండెక్కిన కారు గురువారం షెడ్డు ముందాగింది, బానెట్టు దాకా ఎర్రటి బురదతో.

"నడుం ఎలా ఉంది డాక్టరుగారూ?"

"నడుమా? మూడు రోజులు దాని మాటే మరిచిపోయాను. ఒక గేదె ఈనలేక ఈనింది, అది చెప్తాను ఉండండి."

ఆమె కారు కింద తల పెట్టి లింకు రాడ్ల నట్లు ఒక్కొక్కటే చేత్తో తడిమి చూస్తూ వింది. ఏవీ కదల్లేదు. వెనకాల అల్లుడు ఎడమ చక్రాలు నిలిచే చోట ఆ రేకుల మందానికి రెండు ఇనుప పలకలు నేలకు బిగిస్తున్నాడు. నీళ్ళకు దారి వదలమని ఆమె కారు కిందనుంచే కేక వేసింది.