తాళం వేసినవారిదే నీళ్ళ భారం

ప్రపంచకప్ మైదానాలు దోహా చుట్టూ లేస్తున్న ఏళ్ళలో, జగిత్యాల ప్రాంతపు తాపీమేస్త్రీ గంగన్న నిర్బంధంలో పడ్డాడు. నేరమేదీ లేదు. కంపెనీ మూతపడి, అతని నివాసపు అనుమతి గడువు దాటింది. అటువంటివారిని స్వదేశానికి పంపేవరకు ఒక ఇంట్లో ఉంచేవారు. దానిని అద్దెకు తీసుకుని, తాళం వేయించి, కాపలా పెట్టినది స్థానిక పురపాలక సంఘం.

గంగన్న అప్పటికే అంజన్న మాల వేసుకుని ఉన్నాడు. గల్ఫ్‌కు వచ్చిన తరువాత ఏ వేసవిలోనూ దీక్ష తప్పనివాడు. ఉభయసంధ్యలలో తలస్నానం, పూజ, ఆ పిమ్మటే అన్నం. ఇక్కడ స్నానాలగదిలో మురుగు పొంగింది, కుళాయి ఎండింది. తాగడానికి సీసాల నీరు వచ్చేది గాని, ఒంటిమీద పోసుకోవడానికి చుక్క లేదు.

గంగన్న అన్నం ముట్టలేదు.

"స్వామీ, గింత తిను. దేవుడు మాఫ్ చేస్తడు," అన్నాడు పక్క పరుపుమీది ఫరీదుద్దీన్. నిజామాబాద్ డ్రైవరు, అరబీ వచ్చినవాడు.

"కాళ్ళు చేతులు కడిగే వుజూ లేకుండ నీ నమాజ్ అయితదా, ఫరీద్ భాయ్?"

"మా దాంట్ల నీళ్ళు లేకుంటే సాఫ్ మట్టితోటి చేసుకోవచ్చు."

"సాఫ్ మట్టి ఏది? గిదంత మోరీయే గద!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

మరునాడూ పళ్ళెం అలాగే వెనక్కి వెళ్ళింది. దీక్షాధర్మం తెలియని కాపలాదారులు అది నిరసన అనుకుని, నిరాహారదీక్ష మొదలైందని పైకి కబురు పంపారు. ఆ దేశపు శ్రామికుల బాగోగులపై లోకమంతా కన్నేసి ఉంచిన కాలమది. మధ్యాహ్నానికల్లా పురపాలక అధికారి స్వయంగా వచ్చి, ఎందుకీ సమ్మె అని అడిగాడు. ఫరీదుద్దీన్ దుబాసీగా నిలిచాడు.

"సమ్మె గిమ్మె ఏం లేదు, సార్. ఆకలి దంచుతున్నది. తానం అయితే ఇప్పుడే తింట," అన్నాడు గంగన్న.

అధికారి నవ్వబోయి, స్నానాలగది తలుపు తెరిపించి ముక్కు మూసుకున్నాడు. మరమ్మతు ఇంటి యజమాని పని, తాము అద్దెకున్నవారమే అన్నాడు.

గంగన్న గొంతు పెరిగింది. "ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ బస్తీల మేమున్న రూంల నీళ్ళు బందైతే బకీటు పట్టుకొని పక్కింటికి పోతుంటిమి. ఇక్కడ పోనిస్తరా? తాళం మీ దగ్గరుంటే నీళ్ళు ఎవల్ని అడగాలె?"

ఫరీదుద్దీన్ ఆ ప్రశ్నను కొంచెం కూడా మెత్తబరచకుండా అరబీలో వినిపించాడు. బంధించిన చేతికే పోషణభారం చెందుతుందన్న ధర్మం ఏ మతస్థునికీ కొత్త కాదు. అధికారి తల దించి, ఎత్తి, అందరూ వినేటట్లు పలికాడు: "నిజం. ఈ గడప లోపల నీరు, గాలి, పడక మా బాధ్యతే. యజమాని సంగతి మేము చూసుకుంటాం."

సాయంకాలపు నమాజుకు ముందే ట్యాంకర్ వచ్చింది. మురుగు తోడేవారు దిగారు. కుళాయి బుసకొట్టి, తుప్పునీరు కక్కి, తేటపడింది.

"యల్లా, స్వామీ! యల్లా!" అని త్వరపెడుతూ తోటి బందీలైన నానాదేశస్థులు చప్పట్లు చరిచారు.

"జై అంజన్నా!" అని గంగన్న నెత్తిన కుమ్మరించుకున్న నీటికి ఆ ఇల్లంతా ఉలిక్కిపడింది. పూజ ముగించి వచ్చి, తడిజుట్టుతోనే వంటవానిని కేకవేశాడు.

"భాయ్, రెండు పళ్ళాలు తే, నిన్నటిది గూడ! అంజన్న ఒప్పుకున్నడు!"