నన్ను చూసి ఆగిన మిషిన్

దయ్యాలను నమ్మే మనిషిని కాదు నేను. సూరత్‌ల బట్ట నేసే సాంచల మోత నడుమ ఇన్నేండ్లు బతికినదాన్ని. ఆ మోతల దయ్యమొచ్చి కేకేసినా ఎవ్వలకు ఇనబడదు.

మా ఆయన పాండేసర మిల్లుల బట్ట చూసేటోడు. రోలర్ మీద బట్ట నడుస్తుంటే, పోగు తెగినకాడ ఆపి సుద్దతోని గీత పెట్టేటోడు. మధ్యాహ్నం నేను టిఫిన్ పట్టుకొని ఎనక తలుపుకాడ నిలవడితే చాలు, తిరిగి చూడకుండనే రోలర్ ఆపేటోడు. బువ్వ వచ్చినంక మగ్గం ఆడొద్దని మా మామ పెట్టిన కట్టుబాటు అది.

"నేనొచ్చింది నీకెట్ల ఎరుకైతదయ్యా?" అంటే, "నీ పచ్చిపులుసు ఊకుంటదా? నీకంటే ముందే వస్తది," అని నవ్వేటోడు.

మొదటి లాక్‌డౌన్ తీసినంక మిల్లుకు కెమెరా మిషిన్ వచ్చింది. బట్టల తప్పు కనబడితే అదే ఆగుతదట. "కాకా, ఇది నీకు సాయానికే," అన్నడు సూపర్‌వైజర్. మా ఆయన దాని పక్కన కూసొని, తప్పు కనబడ్డప్పుడల్లా బటన్ ఒత్తుకుంట దానికి పని నేర్పిండు. నాకు శిష్యుడు దొరికిండని మురిసిండు.

"జర పైలం. శిష్యుడు నీ కుర్చీలనే కూసుంటడు," అన్న నేను.

రెండోసారి కరోనా లేసినప్పుడు ఆయన పోయిండు. కుర్చీ గూడ తీసేసిండ్రు. నన్ను అదే హాల్ల దారాలు కత్తిరించే పనికి పెట్టుకున్నరు. ఇంటి కిరాయి, బిడ్డ చదువు ఆ పని మీదనే.

మొదటి దినం ఎనక తలుపు గడప దాటంగనే మిషిన్ ఆగింది. ఎర్ర లైటు. బట్టల తప్పేం లేదు. తెల్లారి గూడ గంతే. "భాగ్యక్కా, నీకు సలాం కొడుతుందే!" అని తోటోళ్లు నవ్విండ్రు. వారం తిరిగేసరికి ఎవ్వలు నవ్వుతలేరు.

మెకానిక్ వచ్చి అందరినీ ఒక్కొక్కలను ఆ తలుపుల నుంచి నడిపించిండు. నా టిఫిన్ వేరేటామె పట్టుకొని నడిచింది. మిషిన్ ఆగలే. నేను ఉత్త చేతులతోని నడిస్తే ఆగింది.

"మాసీ, దీని కన్ను బట్ట మీదనే ఉంటది. నువ్వు దానికి కనబడనే కనబడవు," అన్నడు. మాస్కు పైన ఆయన కండ్లల్ల భయం చూసిన.

"భాగ్యబెన్, మిషిన్ ఆగితే మాల్ ఆగుతది. రేపటి సంది రాకు," అన్నడు సేఠ్.

నేను బయటికి పోయేదాంక అది ఆగే ఉన్నది. గడప దాటినంక ఎనక నుంచి రోలర్ తిరిగిన సప్పుడు ఇనబడ్డది. ఎవ్వలూ బటన్ ఒత్తలేదన్నరు.

ఇప్పుడు పర్వత్ పాటియా బస్తీల చీరలకు కుచ్చులు కడ్తున్న. మా ఆయన బువ్వకు లేసిండా? లేకుంటే ఆయన పని గుంజుకున్న శిష్యుడు నన్ను గూడ పొమ్మన్నడా? ఎంత సోంచాయించినా సమజైతలేదు. పక్కన ఎవ్వలన్న టిఫిన్ మూత తీసినప్పుడల్లా కుచ్చు కట్టే నా చెయ్యి మాత్రం దానంతట అదే ఆగుతది.