మా కారు నైవేద్యం, డ్రైవింగ్ మాస్టారు

నాకు కారు నేర్పిన మాస్టారు మొన్న గురువారం తెల్లవారుజామున పోయారు. కబురు విని, ఫోన్ పెట్టేసి దేవుడి ముందు దీపం వెలిగించాను. ఏడవాల్సిన చోట నవ్వొచ్చింది. మీలో ఎవరికైనా ఆయన నేర్పి ఉంటే, ఎందుకో మీకూ తెలుసు.

పాఠానికి ముందు నేను స్టీరింగుకి దణ్ణం పెట్టుకుంటే ఓపిగ్గా ఆగేవారు. "అయిందామ్మా? ఇక కళ్ళు తెరవండి. రోడ్డు మీద కళ్ళు మూసుకునే భక్తి పనికిరాదు" అనేవారు.

ఈ వయసులో కారు నేర్చుకున్నది సరదాకి కాదు. పామర్రులో ఉండే మా అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది, బస్సెక్కలేదు. వారం వారం బెజవాడ ఆసుపత్రికి నేనే తీసుకురావాలనుకున్నాను. మా అత్తగారు మాత్రం "కారుకేదైనా తేడా వచ్చిందా, ఆ రోజుతో బంద్" అన్నారు.

దసరా వెళ్ళిన వారానికే వచ్చింది. నేను నడుపుతుండగా స్టీరింగు ముందు ఇంజిన్ బొమ్మ పసుపుగా వెలిగింది.

"చూశారా మాస్టారూ, పాడుచేసేసింది!" వెనక సీట్లోంచి అత్తగారు.

మాస్టారు కారు పక్కకి ఆపించారు. "కంగారు లేదమ్మా. లోపల చిన్న కంప్యూటరుంది. అచ్చం అత్తగారే. వేడెంత, గాలెంత, పొగెలా ఉంది, అన్నిచోట్లా సెన్సర్లు పెట్టి కబుర్లు తెప్పించుకుంటుంది. చిన్న తేడా ఒకసారి వస్తే మనసులో పెట్టుకుంటుంది. మళ్ళీ వస్తే దీపం వెలిగిస్తుంది. బాగుచేశాక దీపం ఆరినా, కొన్నాళ్ళు మర్చిపోదు."

"అత్తగారా?" వెనకనించి ఆవిడ గొంతు లేచింది.

"ఇల్లు కనిపెట్టుకునే అత్తగారండీ!" అంటూ అద్దంలోంచే దణ్ణం పెట్టారు.

స్టీరింగు కింద చిన్న పరికరం గుచ్చి, ఫోనులో చదివారు. "ఇంజిన్ వేడి మైనస్ నలభై అంటోంది సెన్సర్. బెజవాడలో! కంప్యూటర్ నమ్మలేదు. వైరు తెగినట్టుంది."

బానెట్ ఎత్తితే లోపల అరిటాకు ముక్క, సగం కొరికిన బెల్లం, వడపప్పు, ఎలక పెంటికలు. పక్కనే కొరికేసిన వైరు.

అత్తగారి గొంతు తగ్గింది. "ఆయుధపూజకి అందరూ టైర్లకే నైవేద్యం పెడతారు. పనిచేసేది ఇంజినాయె, దానికీ పెడదామని..."

నేను నోరెత్తితే ఆవిడ పరువు పోతుంది. ఎత్తకపోతే నా కారు పోతుంది.

ఐదుపూటలా నమాజు చేసే మాస్టారు ఆ ఆకుని రెండు చేతులతో తీసి, చెట్టు మొదట్లో పెట్టొచ్చారు. "నైవేద్యం ముట్టింది పెద్దమ్మగారూ. వినాయకుడి వాహనం వచ్చి మన వాహనాన్ని పలకరించి వెళ్ళింది. వచ్చే ఏడు మాత్రం బయట పెట్టండి. మీ కోడలి తప్పేం లేదు, కంప్యూటరే సాక్ష్యం."

ఆటోనగర్‌లో వైరు మార్పించాం. తిరిగొచ్చేటప్పుడు మాస్టారిని వెనక్కి పంపి, అత్తగారు నా పక్కన ముందు సీట్లో కూర్చున్నారు. "పామర్రు ఎప్పుడెళ్దామే?" అన్నారు. ఆ తర్వాత అక్క ఒక్క వారం కూడా ఆసుపత్రి మానలేదు.

మొన్న గురువారం మాస్టారింటికి కారు నేనే తీశాను. అత్తగారూ వచ్చారు. సందు మొదట్లోనే ఆగాల్సి వచ్చింది, వరసగా కార్లు. ఒక్కో కారుకి డ్రైవర్ వైపు తలుపు తెరుచుకుని ఒక్కో ఆడమనిషి దిగుతోంది. కొంగు తలమీద కప్పుకుని, తాళాలు గుప్పిట్లో బిగించి, చప్పుడు కాకుండా అందరూ ఆ ఇంటివైపు నడుస్తున్నారు.