అనంతగిరి దారిలో ఒక్కపొద్దు

నేను ఒకచోట పది నిమిషాలకు మించి కూర్చోలేను. బడిలో కూడా ఇదే తంటా. ఏడో తరగతి దాకా పంతుళ్లు నన్ను భరించారు, ఆ తర్వాత తాండూరు బండలు భరిస్తున్నాయి. బండలు పరిచే మేస్త్రీ కూడా కూర్చునే పని చేస్తాడు, కాకపోతే ఇంచు ఇంచు జరుగుతూ కూర్చుంటాడు. అలాంటి నన్ను పోయిన వానాకాలంలో, ఒక రెండో శనివారం నాడు, మా బిడ్డ వికారాబాదు దాటి అనంతగిరి పోయే దారిలో ఉన్న కొత్త హోటల్లో మా ఆవిడ పక్కన మెత్తటి సోఫా మీద కూర్చోబెట్టింది.

"హోటల్ అనకు నాయినా, కెఫే అను. ఏషియన్ ఫ్యూజన్," అని బస్సు దిగగానే చెప్పింది.

"అంటే ఏందే?"

"చైనావి, జపాన్‌వి, మనవి అన్నీ కలిపి చేస్తరు."

"మీ అమ్మ మిగిలిన కూరలన్నీ ఒక్క గిన్నెల కలిపి ఎచ్చవెడ్తది. మనింట్ల ఇరవయ్యేండ్ల సంది ఫ్యూజనే నడుస్తున్నది."

మామూలు రోజైతే నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

సంగతి ఏమిటంటే, మా బిడ్డ వికారాబాదులో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. పక్క కౌంటర్లో కూర్చునే అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయిది మర్పల్లి దగ్గర ఊరు, వాళ్లది భూములున్న ఇల్లు. మేము చర్చికి పోయేవాళ్లం. మా నాన్న, తాత అలాంటి వాళ్ల భూముల్లో పాలేర్లుగా జీతమున్నవాళ్లు. పిల్లలిద్దరూ ఏడాది పాటు రెండిళ్లలో నచ్చజెప్పారు. అబ్బాయి తండ్రి మెత్తబడ్డాడు. తల్లి అవుననలేదు, కాదనలేదు. "ఒకసారి మనుషులను చూస్త" అన్నదట. ఎక్కడ చూడాలి? ఆమె మా గడప దాకా వచ్చి బయటే నిలబడిపోతే మా పరువేం కావాలి? మేము వాళ్లింటికి పోతే నీళ్లు ఏ గ్లాసులో ఇస్తారోనని మా ఆవిడ బెంగ. అందుకని ఎవరి ఇల్లూ కాని చోటు చూసింది మా బిడ్డ.

లోపలికి అడుగు పెట్టేముందు నా చెయ్యి పట్టుకుంది. "నాయినా, ఆమె మనతోని కూసోని ఒక్క ముద్ద తింటే చాలు. తినకపోతే నేనే వద్దని చెప్త. మిమ్మల్ని బయట నిలవెట్టే ఇంట్ల నేను లోపట ఎట్ల కూసుంట?"

"తింటది తీ. ఆకలైతే ఎవరైనా తింటరు," అన్నాను. అన్నాను గానీ నాకూ నమ్మకం లేదు. చిన్నప్పుడు కందులు కొట్టే రోజుల్లో నాన్నతో ఆయన జీతమున్న ఇంటికి పోయేవాడిని. ఆ ఇంటి కొట్టం చూరులో మా కోసమని ఒక గ్లాసు దోపి ఉండేది. తాగడం, కడగడం, మళ్లీ అక్కడే దోపడం. వాళ్లు తినగా మిగిలింది మా గిన్నెల్లోకి పైనుంచి పడేది. ఆ ఊరు వేరు, ఆ ఇల్లు వేరు. అయినా ఇప్పటికీ ఎక్కడికైనా పోతే నా చూపు ముందు చూరు వైపే పోతుంది. ఈ హోటల్‌కు చూరు లేదు, అద్దాలున్నాయి. కొంత నయం.

కింద మాత్రం మా తాండూరు బండలే. పరిచినవాడెవడో పండగకి ఇంటికి పోయే తొందరలో ఉన్నట్టుంది, మూలన ఒక బండ లేచింది. మడమతో తొక్కి చూస్తుంటే మా బిడ్డ పళ్లు బిగించి, "నాయినా, కూసో," అంది.

నాలుగింటికి వాళ్లు వచ్చారు. అబ్బాయి తండ్రి తెల్ల చొక్కా, పెద్ద గొంతు. "మేస్త్రీ, మంచిగున్నవా? వానలకు పనులు బందయినయా?" అని నా భుజం తట్టి నా పక్కనే కూర్చున్నాడు. తల్లి మా ఆవిడకు ఎదురుగా, సోఫా అంచున, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు ఆగగానే దిగిపోయే మనిషి కూర్చున్నట్టు.

వడ్డించే అమ్మాయి ఎక్కడో ఈశాన్యం నుంచి వచ్చినట్టుంది, హిందీలో తెలుగు కలిపి చక్కగా చెప్పింది. ఇక్కడ ఎవరి ప్లేటు వాళ్లకు రాదట. అన్నీ టేబుల్ నడుమ పెడుతుందట, అందరూ అందులోంచే తీసుకోవాలట. ఆ మాట వినగానే మా ఆవిడ నన్ను చూసింది. మా బిడ్డ అబ్బాయిని చూసింది. నేను మెనూ కార్డులోకి చూశాను, బొమ్మలున్నాయి కాబట్టి.

మొదట కందిపప్పు సూప్ వచ్చింది. దాని పేరు ఏదో జపాన్ పేరు. తాగి చూస్తే మన పప్పుచారు, కొంచెం సిగ్గుపడుతున్నట్టుంది. తర్వాత గోంగూర నూడుల్స్, వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికిన కుడుములు, అందరికీ తలా రెండు పుల్లలు.

"గివి దేనికి? పొయ్యిలకు తక్కువ, పండ్ల సందుల గుచ్చుకోనీకి ఎక్కువ," అన్నాను. అబ్బాయి తండ్రి పగలబడి నవ్వాడు. నవ్వుతూనే పుల్లలతో ఒక కుడుమును పట్టబోతే అది ఎగిరి నా నీళ్ల గ్లాసులో పడింది. ఇంకొకరి గ్లాసులో పడి ఉంటే నేనూ నవ్వేవాడిని. ఆయన మాత్రం ఏమీ అనుకోకుండా చెంచాతో ఇంకొకటి తీసుకుని తిన్నాడు. మా బుట్టలోంచే. ఒకరు అయ్యారు, ఇక తల్లి మిగిలింది.

మా ఆవిడ బుట్టను ఎదురుగా ఉన్నావిడ వైపు జరిపింది. "తీసుకోండి."

ఆవిడ చెయ్యి టేబుల్ మీద నుంచి ఒళ్లోకి పోయింది. "నాకొద్దు. శనివారం. ఒక్కపొద్దున్న."

ఒక్కపొద్దు అంటే రోజంతా ఏమీ తినకుండా సాయంత్రం దీపం పెట్టాకే తినడం. అబ్బాయి నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, యాది మరిచిన. రెండో శనివారం బ్యాంకు సెలవని గీ దినం పెట్టుకున్నం." తండ్రి సూప్ గిన్నెలోకి తల దించాడు. ఆ దించడమే నాకు గుచ్చుకుంది. నిజంగా ఒక్కపొద్దేనా? మనుషులను చూసి వచ్చే ఒక్కపొద్దులు నాకు చాలా తెలుసు. మా బిడ్డ చెంచా కింద పెట్టేసింది. దాని ముఖం చూస్తే అది అప్పుడే లేచి సెలవు చెప్పేలా ఉంది.

నా నోరు నా కంటే ముందు పోతుంది, అది నా పాత రోగం. "మంచిదే గదమ్మా," అన్నాను. "అయితే పొద్దుగూకినంక ఇడుస్తరు గద?"

"ఇడుస్త. ఇంటికాడ."

"ఇంటికాడ ఎందుకమ్మా? గీన్నే ఇడువుండ్రి. గందాక మేం గూడ ముట్టం. అందరం కలిసే తిందాం."

బల్ల కింద మా ఆవిడ నా కాలు తొక్కింది. అబ్బాయి తల్లి అంది, "మీకు మళ్ల తాండూరు పోవాలె. బస్సు దొరకదు."

"తాండూరు బస్సులు మస్తున్నయ్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఆవిడ నన్ను మొదటిసారి సూటిగా చూసింది. నేను ఆమెను నమ్మలేదని ఆమెకు అర్థమైంది. అర్థమైందని నాకూ అర్థమైంది. "సరె," అంది. "కూసుందాం."

అప్పటికి నాలుగున్నర. ఒకచోట పది నిమిషాలు కూర్చోలేనివాడు రెండు గంటలకు పైగా కూర్చుంటానని పందెం కాశాడు. నా అంత తెలివిగలవాణ్ణి ఏడో తరగతితో ఎందుకు వదిలేశారో అప్పుడు తెలిసింది.

కుడుములు చల్లారాయి. నూడుల్స్ ఒకదానికొకటి అతుక్కున్నాయి. నేను చేతులు కడుక్కోవడానికి ఆరుసార్లు లేచాను, ఏమీ తినకుండానే. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు పక్క టేబుళ్లలో ముందు ఫోన్‌కు తినిపించి, తర్వాత తాము తింటున్నారు. బయట వాన పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. అబ్బాయి తండ్రి కంది చేలో నీళ్లు నిలిచిన సంగతి చెబుతుంటే ఊ కొడుతున్నాను గానీ నా చెవి ఆడవాళ్లిద్దరి వైపే ఉంది. చివరికి అబ్బాయి తల్లే అడిగింది.

"మీరేం పని చేస్తరు?"

"హాస్టల్ల వంట," అంది మా ఆవిడ.

"ఎందరికి?"

"నూటయాభై మంది పిల్లలకు."

"అన్ని కులాల పిల్లలుంటరా?"

నేను సోఫాలో ఇటు నుంచి అటు జరిగాను. మా బిడ్డ తల దించుకుంది.

"ఉంటరు," అంది మా ఆవిడ నెమ్మదిగా. "ఆకలి అందరికీ ఒకటే టైంకు అయితది."

అబ్బాయి తల్లి మా ఆవిడ చేతుల వైపు చూసింది. ఆ చేతుల మీద నూనె చిట్లిన మచ్చలుంటాయి.

మబ్బు పట్టి అయిదున్నరకే చీకటి కమ్మింది. హోటల్ వాళ్లు లైట్లు వేశారు. నేను ఎగిరి లేచాను. "దీపాలు పెట్టిండ్రమ్మా!"

"కరెంటు బుగ్గ దీపమెట్లయితది?" అంది ఆవిడ. "వత్తి ఉండాలె. నిప్పు ఉండాలె. ఇంక పొద్దు గూడ గూకలే."

"నాయినా, కూసో," అంది మా బిడ్డ. ఆ రోజుకది ఎన్నోసారో.

ఆరున్నర దాటాక, కొండ వైపు అద్దంలో మా ముఖాలు తప్ప ఏమీ కనిపించనప్పుడు, ఇక ఆగలేక వడ్డించే అమ్మాయి దగ్గరికి పోయి కొవ్వొత్తి ఉందా అని అడిగాను. ఉన్నాయి గానీ అన్నీ పుట్టినరోజువట, అంకెల ఆకారంలో. చేతికి అందింది అయిదు అంకె. దాన్ని సాసర్లో నిలబెట్టి వెలిగించి తెచ్చింది.

ఆవిడ దాన్ని ఎగాదిగా చూసింది. "గిదేంది?"

"వత్తి ఉన్నది, నిప్పు ఉన్నది. మీరు చెప్పినట్టే."

అబ్బాయి చేత్తో నోరు మూసుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, ఆ అయిదు అంకెకు రెండు చేతులూ జోడించింది. పెదవులు కదిలాయి, చాలాసేపు. తిండికి సాకు చెప్పే మనిషి అంతసేపు దండం పెట్టదు. నాకు చెవులు వేడెక్కాయి. పక్కన మా ఆవిడ కూడా, చర్చిలో అలవాటేమో, అదే వెలుగు ముందు తల వంచింది.

సరే, ఇప్పుడేం తినాలి? ఒక్కపొద్దు విడిచేటప్పుడు ఆవిడ ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ముట్టదట. వడ్డించే అమ్మాయి కార్డు పైనుంచి కిందికి చదివింది. అన్నింట్లోనూ ఎల్లిగడ్డే. చిట్టచివర ఒకటి దొరికింది: కొబ్బరిపాలలో కలిపిన ముద్దన్నం, పైన మామిడి ముక్కలు. అదీ ఒక్క గిన్నెడే మిగిలింది. తెచ్చి టేబుల్ నడుమ పెట్టి, ఆరు చెంచాలు పెట్టింది.

ఆవిడ మొదటి చెంచా తీసుకుంది. రెండోది తీసుకుంది. తర్వాత గిన్నెను మా ఆవిడ ముందుకు తోసింది. "మీరు గూడ తినుండ్రి. గప్పటి సంది కూసున్నరు."

అందరూ ఊపిరి వదిలారు, నేను తప్ప. వాళ్లు తిన్నది మా వైపు రావడం నాకు కొత్త కాదు. అట్లా వచ్చిందే తిని పెరిగాను. ఆ మాట మా బిడ్డకూ తెలుసు, చెప్పి పెంచాను కాబట్టి. అది కదలకుండా గిన్నెనే చూస్తోంది.

మా ఆవిడ తన చెంచా తీసుకుని తిన్నది. గిన్నె నడుమలోంచి, తొందరపడకుండా, మూడుసార్లు. కొబ్బరిపాలలో ఆమె చెంచా దిగిన చోట గుంట పడింది. అప్పుడు గిన్నెను తిరిగి ఎదుటివైపు జరిపింది. చేత్తో ఆవిడ దాకా జరిపి, చెయ్యి తియ్యలేదు.

"ఇంగ మీరే తినాలె వదినె. పొద్దుగాల్ల సంది కడుపు కాలుతున్నదాయె."

ముప్ఫై ఏళ్లలో నేను వేసిన ఏ జోకూ అంత ధైర్యంగా లేదు. అబ్బాయి తండ్రి పుల్లలను బల్ల మీద వరసగా పెడుతున్నాడు, ఊరికే. ఆవిడ గిన్నెలోకి చూసింది. వేరే ప్లేటు అడుగుతుందనుకున్నాను. ఇక చాలంటుందనుకున్నాను. నా కాలు బల్ల కింద కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఆడుతోంది.

ఆవిడ చెంచా ఎత్తింది. ఆ గుంట అంచునే ముంచి, నిండుగా తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకోసారి తీసుకుంది.

"తీపి తక్కువైంది," అంది, మా ఆవిడతో. "మీరైతే బెల్లం ఏస్తరా, షక్కరా?"

"బెల్లమే. షక్కరేస్తే గీ వాసన రాదు."

"గదే చెప్తున్న నేను. వీళ్లకు చెప్పేటోళ్లు లేరు." గిన్నె వంచి అడుగుది గీకింది. గీకి, చెంచా మా ఆవిడ చెంచా పక్కనే ఆనించి పెట్టింది.

మా బిడ్డ నా వైపు చూసింది. ఏదైనా ఒక మాట అను నాయినా, అన్నట్టుగా. లేచి బయటికి పోబోయాను.

"ఎటు పోతున్నవ్ మేస్త్రీ?" అన్నాడు అబ్బాయి తండ్రి. "గా కుడుములు జర వేడి చెయ్యమను. గిప్పుడు నిజంగ ఆకలైతున్నది."

చల్లారిన బుట్టను రెండు చేతులా ఎత్తుకుని వంటింటి వైపు నడిచాను.