వంకర కత్తికి పదును

రాబర్ట్‌సన్‌పేట బజారులో మాది కిరాణా అంగడి. మధ్యాహ్నం బేరాలు తగ్గినప్పుడు నేను బియ్యం మూటల పక్కన కూర్చుని మామిడి కొయ్యతో గరిటెలు చెక్కుతాను. మాస్తి దగ్గర పుట్టింటి తోటలో కొమ్మలు నరికినప్పుడల్లా మా అన్న ఒక మోపు పంపిస్తాడు.

గరిటె గుంటను తొలవడానికి కొక్కెంలా వంగిన కత్తి కావాలి. వాడగా వాడగా అది మొద్దుబారింది. కొయ్య తెగకుండా పీచులు లేచేది. వీధిలోకి వచ్చిన సాన పట్టే ఆయనకు చూపిస్తే వెనక్కి ఇచ్చేశాడు.

"లోపలి వంపుకు నా చక్రం అందదమ్మా. పట్టినానంటే కత్తి చెడిపోతాది."

"ఇంగ పారెయ్యి దాన్ని. మన అంగట్లోనే కావాల్సినన్ని గరిటెలుండాయి" అంది మా అత్త.

నాకు పారెయ్యబుద్ధి కాలేదు. విరిగిన గొడుగు కర్రకు గరుకు కాగితం చుట్టి, కత్తి వంపు లోపల రుద్దాను. రుద్దేటప్పుడు చెయ్యి పైకి లేచి అంచు గుండ్రంగా అయిపోయింది. ఉన్న పదునూ పోయింది. ఏడుపొచ్చింది. మర్నాడు వంపు లోపల అంచు వెంబడి నల్ల స్కెచ్ పెన్ను పూసి రుద్దాను. నలుపు చెరిగిన చోటే కాగితం తగులుతోందని తెలిసి, అంచు దాకా చెరిగేలా చెయ్యి సరిచేసుకున్నాను. తర్వాత ఇంకా సన్నటి గరుకు కాగితంతో రుద్దాను. చివరికి మామగారి పాత బెల్టు ముక్కకు నగలకు మెరుగు పెట్టే ముద్ద రాసి, దాని మీద కత్తిని వెన్ను వైపుకే లాగాను. అంచు వైపు తోస్తే తోలు తెగిపోతుంది.

ఆ రోజు కొయ్య వెన్నలా తెగింది.

కొన్నాళ్లకు, మా వీధిలో ఒక ఇంటి తలుపుకు పువ్వులు చెక్కడానికి ముళబాగిలు నుంచి వచ్చిన పెద్దాయన బెల్లం కోసం మా అంగడికి వచ్చాడు. నేను గరిటె చెక్కుతుంటే చూసి, నా కత్తి తీసుకుని కొయ్య ముక్క మీద ఒక కోత కోశాడు. కోసిన చోట కొయ్య నిగనిగలాడింది.

"ఎవురు పట్టినారమ్మా దీనికి పదును?"

నేను నోరు తెరిచేలోపే పప్పు తూస్తున్న మా అత్త అందుకుంది. "మా కోడలప్పా! చక్రమాయన కాదని పోతే తనే పట్టింది."

మర్నాడు ఆయన తన వంకర ఉలి తెచ్చాడు. బేరానికి వచ్చినవాళ్లంతా చూస్తుండగా దానికి పదును పట్టి ఇచ్చాను. ఆయన ముంజేతి మీద ఉలి ఆనించి లాగితే వెంట్రుకలు రాలాయి.

"శానా బాగుండాది తల్లీ" అన్నాడు.

ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకుని, ఏముందిలే అనడం నాకు అలవాటు. ఆ రోజు అలా అనలేదు.

"అవునప్పా, బాగుండాది" అన్నాను.